4500 లీటర్ల ఫైరింజన్: డ్రైవర్ సీటు నుంచి నా రివ్యూ

నల్గొండ జిల్లాలో ఈ బండిని చాలా ఏళ్లు తోలిన. పాత టాటా చాసిస్, 4500 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 2250 లీటర్లు కొట్టే పంపు. ఇంజన్‌కు ఫుల్ మార్కులు, పంపుకు మంచి మార్కులు. ట్యాంకు కట్టినోళ్లకు మాత్రం పాస్ మార్కులు కూడా వెయ్య.

మీటర్ చూసినోళ్లు ఇంకా కొత్తదే కదా అంటరు. కాల్ వస్తే పోయేది ఇరవై, ముప్పై కిలోమీటర్లు. అక్కడ పీటీఓ (ఇంజన్ బలాన్ని పంపుకు మళ్లించే గేరు) వేసి నిలబెడితే ఇంజన్ రేస్ మీద గంటల తరబడి తిరగాలె, అదీ మే ఎండలో. యాసంగి కోతలైనాక గడ్డివాములు అంటుకుంటే పైమంట ఆర్పుడు ఎంతసేపు? లోపల రగిలేదానితోనే తిప్పలు. జేసీబీతో లాగి, పరిచి, తడుపుకుంటూ పోవాలె. జిన్నింగ్ మిల్లులైతే ఇంకా ఘోరం: పత్తి బేలు పైకి ఆరినట్టే ఉంటది, విప్పితే లోపల నిప్పు. రాత్రంతా పంపు నడిచినా మీటర్‌లో ఒక్క కిలోమీటరు పెరగదు. సర్వీసింగేమో కిలోమీటర్ల లెక్కన! ఆయిల్ మార్చేనాటికి తారు లెక్క అయ్యేది. అయినా ఇంజన్ మొరాయించలే. క్లచ్ ప్లేట్లే తరచుగా పోయినయ్.

పంపులో చూసుకోవాల్సింది గ్లాండ్ ప్యాకింగ్, అంటే తిరిగే షాఫ్ట్ చుట్టూ లీకు కాకుండ కుక్కే ప్యాకింగ్. పంపు నడిచేటప్పుడు అక్కడ చుక్క చుక్క నీళ్లు కారాలె. కారుతున్నయని స్పానర్ పెట్టి బిగిస్తే షాఫ్ట్ గీసుకపోతది. వదులైతే బయటి గాలి లోపలికి గుంజి, ప్రైమర్ (పంపులోని గాలి తీసి నీళ్లెక్కించేది) ఎంత తిప్పినా నీళ్లెక్కవు. అందుకే సక్షన్‌కు (నీళ్లు గుంజే నోటికి) మూత పెట్టి, నీళ్లు బయటికి పోయే డెలివరీలన్నీ మూసి, ప్రైమర్ వేసి వాక్యూమ్ గేజ్ ముల్లు చూసేవాణ్ని. ముల్లు పడిపోకుండ నిలబడితేనే, అంటే గాలి లీకు లేకుంటేనే, డ్యూటీ మారేటోడికి బండి అప్పజెప్పేది.

ఎంత మంచి పంపైనా ఏడు మీటర్ల కింది నుంచి నీళ్లు గుంజుడు కష్టమే. ఎండకాలం మా దిక్కు బావుల్లో నీళ్లు అంతకన్నా కిందనే ఉంటయ్. పంపు ఫుల్‌గా కొడితే ట్యాంకు రెండు నిమిషాల్లో ఖాళీ. చెరువో కాలువో దగ్గర్లో లేకుంటే రైతు బోరే దిక్కు. "సారూ, మోటరేస్తున్న, పైపు పెట్టుకోండ్రి" అని ఉరికొచ్చేటోళ్లు. ఆ సన్నధారతో నిండేదాకా వాము కాలుతనే ఉంటది.

ఆ బోరు నీళ్లే ట్యాంకును తిన్నయ్. లోపలి పెయింట్ లేచి, వెల్డింగ్ అతుకుల కాడ తుప్పు పట్టింది. పెచ్చులు వచ్చి హోస్‌రీల్ గన్‌లో (సన్న పైపు చివర నీళ్లు కొట్టే గన్) ఇరుక్కునేవి. మంట ముందు నిలబడి గన్ విప్పి ఊదుకునే ఖర్మ ఫైర్‌మెన్‌ది. ప్యాచీల మీద ప్యాచీలు వేయించినం. ట్యాంకు సగమున్నప్పుడు మలుపుల్లో బండి ఒక పక్కకు ఈడ్చేది, నీళ్లు ఊగకుండ ఆపే లోపలి అడ్డుపలకలు కూడా ఊడినయ్ మరి.

2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ బంద్. వయసు లెక్క ఒకందుకు మంచిదే, కానీ అది కూడా పంపు ఎన్ని గంటలు తిరిగిందో చెప్పదు.

కొత్త బండి తీసుకునేటోళ్లు స్టెయిన్‌లెస్ ట్యాంకు, పంపుకు వేరే అవర్ మీటర్, మనిషి దిగి కడిగేంత మూత అడగండి. రంగు, లైట్లు, సైరన్ ఎవరైనా బాగానే పెడ్తరు.