లాగుడు ఎక్కడిదో తేల్చిన బుడగ గేజి: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

నా డబుల్ క్యాబ్ పికప్ ఎడమకు లాగుతుంటే వర్క్‌షాప్‌లో రెండుసార్లు అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచూడడం, చేయించాను. రెండుసార్లూ అంకెలన్నీ పచ్చరంగులో ఉన్న కాగితం చేతికిచ్చారు. బండి మాత్రం ఎడమకే పోయింది. ఆ చిరాకులో కొన్నదే ఈ సెట్టు: అయస్కాంతంతో అతుక్కునే బుడగ గేజి, రెండు అల్యూమినియం టో ప్లేట్లు, రెండు టేపులు.

ముందుగా టో ప్లేట్ల గురించి చెప్పాలి, సెట్టులో వాటికి సాటి లేదు. టో అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం. ముందు చక్రాలకు బయటి నుంచి చెరొకటి ఆనించి, ప్లేట్ల గాడుల్లో టేపులు తగిలిస్తే రెండు టైర్ల ముందు అంచుల మధ్య దూరం, వెనుక అంచుల మధ్య దూరం ఒకేసారి కనిపిస్తాయి. ముందు దూరం 2 మిల్లీమీటర్లు తక్కువ వస్తే టో ఇన్ (లోపలికి తిరగడం) అంతే. లెక్కలు, లేజర్లు అక్కర్లేదు. ఎన్నిసార్లు కొలిచినా అదే అంకె వస్తుంది, అయితే కొలిచే ముందు బండిని కొన్ని మీటర్లు ముందుకు దొర్లించాలి. జాకీ దించగానే కొలిస్తే టైర్లు ఇంకా కాళ్లు ముడుచుకున్నట్టే ఉంటాయి. మొదటి రోజు ఆ సంగతి తెలియక, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలిన కోణం) దాదాపు ఒక డిగ్రీ తప్పిందని కంగారుపడి అరగంట బోల్టులు వెతికాను.

క్యాంబర్ కొలతా నమ్మకమైనదే. పావు డిగ్రీ గీతలు స్పష్టంగా చదవగలం. అల్లాయ్ చక్రానికి అయస్కాంతం పట్టదు కాబట్టి డస్ట్ క్యాప్ తీసి హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) ముఖానికి అతికించాలి. నేల వాలు గేజికి తెలియదు. అందుకే ఒకసారి కొలిచాక బండిని అదే చోట మొహం తిప్పి నిలబెట్టి మళ్లీ కొలుస్తాను. రెండింటి సగటు తీస్తే వాలు లెక్కలోంచి పోతుంది.

క్యాస్టర్ దగ్గర మాత్రం నిరాశే. పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం అది. చక్రాన్ని లోపలికి 20 డిగ్రీలు, బయటికి 20 డిగ్రీలు తిప్పి బుడగ ఎంత కదిలిందో చూడాలి. తిరిగే పళ్లాలు సెట్టులో లేవు. రెండేసి రేకుల మధ్య గ్రీజు పూసి చక్రాల కింద పెట్టుకున్నాను. అయినా వరుసగా మూడుసార్లు కొలిస్తే అర డిగ్రీ అటూ ఇటూ వస్తుంది. రెండు చక్రాల క్యాస్టర్ మధ్య అర డిగ్రీ తేడా ఉన్నా చాలు, బండి తక్కువ ఉన్న వైపుకు లాగడం మొదలుపెట్టవచ్చు. కొలతలోనే అంత ఊగిసలాట ఉంటే ఇక దేన్ని నమ్మాలి?

ఇంతకీ నా బండి సంగతి. టో సరిగ్గా ఉంది. క్యాంబర్ తేడా పావు డిగ్రీ, దానికి బండి అంతగా లాగదు. అప్పుడు తట్టింది, అనుమానించాల్సింది టైర్లనని. ముందు టైర్లు రెండింటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చాను. లాగుడు కుడికి తిరిగింది! టైరు లోపలి అల్లికలో తేడా వల్ల శంకువులా ఒక పక్కకు దొర్లుతోందన్నమాట. దాన్ని వెనక్కు పంపితే బండి తిన్నగా నడిచింది. ఈ పని గేజి లేకుండా మొదటి రోజే చేయవచ్చని నాకు అప్పటికి తెలియదు.

ఏడాది తర్వాత లాగుడు మళ్లీ వచ్చింది, ఈసారి ఇరవై నిమిషాలు నడిపాక. గేజిలో పాత అంకెలే ఉన్నాయి. దిగి ఒక్కో చక్రం దగ్గర చేయి పెట్టి చూస్తే కుడిది గోరువెచ్చగా ఉంది, ఎడమది పొయ్యి మీది పెనంలా ఉంది. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పిన్ను పట్టేసి బ్రేకు వదలడం లేదు.

తర్వాత ఇంకో వింత. బండి తిన్నగానే పోతోంది, స్టీరింగ్ మాత్రం వంకరగా ఉంది. ముందు భాగంలో ఏ తప్పూ లేదు. వెనుక కమాను పట్టీలను కలిపే మధ్య బోల్టు తెగి ఇరుసు జరిగింది. పట్టీల ముందు కొన నుంచి ఇరుసు దాకా రెండు పక్కలా టేపుతో కొలిస్తే 9 మిల్లీమీటర్ల తేడా. బుడగ దీన్ని పట్టుకోలేదు.

అసలైన అలైన్‌మెంట్ తప్పు నాకు ఒక్కసారే ఎదురైంది. ఎడమ టోర్షన్ బార్ (స్ప్రింగులా పనిచేసే కడ్డీ) కుంగి, ఆ టైరు లోపలి అంచు గుండైంది. మొదట బండి ఎత్తు సరిచేసి, తర్వాత క్యాంబర్, చివరగా టో. ఈ వరుస తప్పితే చేసిన పని మళ్లీ చేయాల్సిందే, ఎందుకంటే ఎత్తు మారితే మిగతా రెండూ మారతాయి. బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు (చక్రాలను పట్టి తిప్పే కీళ్లు) వదులుగా ఉంటే అసలు గేజి బయటికి తీయడమే దండగ.

ఐదుకు మార్కులు వేయాలంటే టో ప్లేట్లకు ఐదు, క్యాంబర్‌కు నాలుగు, క్యాస్టర్‌కు ఒకటిన్నర. అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుంటుంది, దాన్ని తుడవకుండా అతికిస్తే గేజి వాలి పావు డిగ్రీ తప్పు చూపిస్తుంది. అందుకే పెట్టెలో ఒక పాత గుడ్డ పెట్టుకున్నాను.