రాజురా రోడ్డు మీద ఆటోమేటిక్ గేర్ టిప్పర్ల వైరింగ్ చూసే మిస్త్రీ: సోలనాయిడ్ మార్చే ముందు ఈయన దగ్గరికి పోండి

మాది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాల బల్లార్షా, రెండు టిప్పర్లు ఉన్నయి, సాస్తి గనుల దిక్కు మట్టి కొడ్తయి. అందుల ఒకటి ఫుల్ ఆటోమేటిక్ గేర్‌ది, క్లచ్ పెడల్ ఉండదు, డీ ఎన్ ఆర్ (ముందుకు, న్యూట్రల్, రివర్స్) బటన్లే. ఆ బండి ఎండాకాలంల నన్ను నెల రోజులు ఏడిపించింది, బాగైంది కాబట్టి మన తెలుగోళ్లకు పనికొస్తదని రాస్తున్న.

లోడ్‌తోటి గని దారిల ఎక్కేటప్పుడు చెక్ ట్రాన్స్ లైట్ (గేర్‌బాక్స్‌ల తేడా ఉందని చెప్పే లైట్) వెలిగేది, ఏ గేర్ల ఉంటే ఆ గేర్లనే పట్టుకునేది, మళ్ల మారేది కాదు. పక్కకు ఆపి కీ బంద్ చేసి చాలు చేస్తే మామూలుగ నడిచేది, ఒక ట్రిప్పు రెండు ట్రిప్పులు బాగుండి మళ్ల అదే. బటన్ల ప్యాడ్ మీద పైబాణం కిందిబాణం రెండూ ఒక్కసారే నొక్కుకుంట పోతే కోడ్ చూపిస్తది, మాకు వచ్చింది పీ0973, అంటే "షిఫ్ట్ సోలనాయిడ్ A సర్క్యూట్ Low (తక్కువ)" అని. సోలనాయిడ్ అంటే గేర్ మార్చెతందుకు కరెంటుతోటి నడిచే వాల్వు.

ముందు తీస్కపోయిన వర్క్‌షాప్ పేరు రాయను. వాళ్లు బండి వేడి మీదనే మీటర్ పెట్టి, ఓమ్స్ (తీగ కరెంటును ఎంత అడ్డుకుంటదో ఆ లెక్క) బుక్కుల ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తున్నది సోలనాయిడ్ పోయిందన్నరు, 38 వేలు తీస్కొని మార్చిండ్రు. నాలుగో రోజు మళ్ల లైట్. ఈసారి సోలనాయిడ్లు ఉండే వాల్వ్ బాడీ మొత్తం దించాలె, లక్షా 80 వేలైతదన్నరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే, ఈఎంఐ మీద నడిచే బండి అది.

మా డ్రైవర్ బాబాయే చెప్పిండు ఈ మిస్త్రీ గురించి. రాజురా నుంచి బల్లార్షా వచ్చే రోడ్డు మీద, వర్ధా నది బ్రిడ్జి ఇంక రాకముందే, వేపచెట్టు కింద రేకుల షెడ్డు, బోర్డు లేదు. ఇంట్ల తెలుగు, షెడ్డుల మరాఠీ హిందీ అన్నీ మాట్లాడ్తడు, 50 దాటిన మనిషి.

పోంగనే స్పానర్ పట్టలే, ముందు కూసోబెట్టి అడిగిండు. లైట్ ఎప్పుడు వెలుగుతది, ఖాళీగ ఉన్నప్పుడా లోడ్ మీదనా, చదును మీద వస్తదా గుంతల్లనా అని. బాబాయి "లోడ్ మీద, అది గుడ్క ఎడమ దిక్కు గుంతల పడ్డప్పుడు" అన్నడు. నేను వెయ్యి సార్లు ఆ దారిల తిరిగినోన్ని నాకే ఆ ముచ్చట తెల్వదు.

తర్వాత బ్యాటరీ కట్ చేసి, గేర్‌బాక్స్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఒక దిక్కు, టీసీఎం అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ కప్లర్ ఇంకో దిక్కు రెండూ ఇప్పిండు. ఒక్క దిక్కు ఇప్పి చూస్తే కంప్యూటర్ లోపలి సర్క్యూట్ గుడ్క మీటర్ల కలుస్తది, లెక్క తప్పుతదట. తెల్ల గుడ్డతోటి పిన్నులు తుడిచి చూసిండు, వైర్ల వెంట నూనె ఎక్కిందా, పచ్చ చిలుము పట్టిందా అని. ఒక ఖాళీ పిన్ను తీస్కొని ఒక్కొక్క రంధ్రంల పెట్టి గుంజిండు, గట్టిగ పట్టుకోవాలె, వదులుగ జారితే అదే రోగం అన్నడు. మావి అన్నీ గట్టిగనే ఉన్నయి.

పొద్దుగాల బండి చల్లగ ఉన్నప్పుడు సోలనాయిడ్ కాయిల్ 22.4 ఓమ్స్ చూపించింది. ఒక గంట తిప్పుకొని రమ్మని మళ్ల పెడితే 27.3. నేను భయపడ్డ, అదిగో పెరిగింది కదా అన్న. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మనసుల ఉన్నది: "తమ్మీ, రాగి తీగ వేడెక్కితే పెరగాల్సిందే, 10 డిగ్రీలకు దగ్గర దగ్గర 4 శాతం పెరుగుతది, నూనె 90 అయితే ఇంత రావాల్నే. నీ కోడ్ ఏమంటున్నది, Low అంటున్నది, అంటే ఎర్త్ తగుల్తున్నదన్నట్టు. కాయిల్ లోపల షార్ట్ అయితే ఓమ్స్ తగ్గుతయి గానీ పెరుగుతయా?" గింత చిన్న లెక్క ముందు వర్క్‌షాప్‌ల ఎవ్వలు చెయ్యలే. వాళ్లు చల్లటి బండి లెక్కతోటి వేడి బండిని కొలిచి నా 38 వేలు ఖర్చు పెట్టించిండ్రు, పాత సోలనాయిడ్ బంగారం లెక్క ఉండె, దాన్ని గుడ్క కొలిచి చూపించిండు.

ఇగ అసలు పని. రెండు కప్లర్లు ఇప్పే ఉంచి, సోలనాయిడ్ వైర్ నుంచి ఛాసిస్‌కు మీటర్ బీప్ మీద పెట్టి నా చేతికిచ్చిండు, ఆయన కిందికి దూరి వైరింగ్ పొడుగునా జానెడు జానెడు పట్టి కదిపిండు. చప్పుడు లేదు, చప్పుడు లేదు, ఎడమ దిక్కు క్రాస్ మెంబర్ దగ్గరికి రాంగనే కీ మని మోగింది. అక్కడ క్లిప్పు ఇరిగిపోయి వైరింగ్ బ్రాకెట్ అంచుకు ఆనుకొని ఉన్నది, లోడ్ మీద ఛాసిస్ మెలి తిరిగినప్పుడు గుద్దుకుంటున్నది. టేపు ఇప్పితే బియ్యపు గింజంత రాగి బయటికి కనిపించింది. గంతే, ఆ గింజంత జాగకు నేను లక్షా 80 వేలు పెట్టేటోన్ని.

అతుకు పెట్టి స్లీవ్ వేడి చేసి ఎక్కించి, పైన కొత్త పైపు, కొత్త క్లిప్పు వేసిండు. ముందటోళ్లు సూదులు గుచ్చి చూసిన రెండు రంధ్రాలు గుడ్క మూసిండు, నీళ్లు పోతే లోపల చిలుము పడ్తదని. ఆఖరికి అదే వైర్ మీద 21 వాట్ల బల్బు వెలిగించి చూసిండు, ఎందుకంటే ఒక్క పోగు మిగిలినా మీటర్ బాగనే ఉందంటది, బల్బు మాత్రం మినుక్కుమంటది. అన్నింటికీ 2,800 తీస్కున్నడు. మూడు నెలలైంది, లైట్ మళ్ల రాలే.

బాగలేనివి గుడ్క చెప్పాలె. ఒక్కడే మనిషి, నాకు ఒకటిన్నర రోజు పట్టింది. కంపెనీ ల్యాప్‌టాప్ లేదు, కాబట్టి టీసీఎం ప్రోగ్రామింగ్ పనులు ఈయనతోటి కావు, క్లచ్ ప్లేట్లు కాలిన బాక్సు గుడ్క ఇప్పడు, నూనె వాసన చూసి మొహం మీదనే చెప్పి పంపిస్తడు. బిల్లు రాసియ్యడు, ఫైనాన్సోళ్లకు చూపియ్యాలంటే ఇబ్బందే. నేనైతే 5కు 4.5 ఇస్త.

పొద్దుగాల 8కి ముందే పోతే ఆ రోజే చూస్తడు. వర్ధాకు నీళ్లెక్కితే బ్రిడ్జి మీంచి బండ్లు పోనియ్యరు, వానాకాలంల కనుక్కొని బయల్దేరుండ్రి. బండి నడిపే డ్రైవర్‌ను వెంట తీస్కపోండ్రి, మొదలు ఆయన్నే అడుగుతడు.