ఒక్కో ప్రాంతానికి ఒక్కో చూపు: స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం

అమెరికా చిత్రకళ అంటే న్యూయార్క్ చిత్రకళే అనుకునేవారు వాషింగ్టన్ డీసీలోని ఈ మ్యూజియాన్ని తప్పక చూడాలి. ఒకప్పటి పేటెంట్ కార్యాలయ భవనంలో, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీతో కలిసి ఇది నడుస్తోంది. ప్రవేశం ఉచితం. గ్యాలరీ ప్లేస్ మెట్రో స్టేషన్‌కు ఆనుకునే ఉంటుంది.

పశ్చిమ ప్రాంత దృశ్యాల ముందు ఎవరైనా కాసేపు నిలబడిపోతారు. ఆల్బర్ట్ బీర్‌స్టాట్ 1868లో వేసిన సియెరా నెవాడా కొండల చిత్రం కళ్ళు చెదిరేంత అందంగా ఉంది గానీ, రోమ్‌లో కూర్చుని ఊహను జోడించి వేసిన ఆ వెలుగులో నాకు నేల వాసన తగలలేదు. థామస్ మోరాన్ దారి వేరు. ఆయన 1871లో సర్వే బృందంతో ఎల్లోస్టోన్ వెళ్ళి వేసిన నీటిరంగుల చిత్రాలు, మరుసటి ఏడాది ఆ ప్రాంతం జాతీయ ఉద్యానవనం కావడానికి తోడ్పడ్డాయి. అక్కడి లోయను చూపే ఆయన భారీ తైలవర్ణ చిత్రాన్ని అమెరికా కాంగ్రెస్ 1872లో పదివేల డాలర్లకు కొన్నది. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన చిత్రకారుడు థామస్ హార్ట్ బెంటన్ 1947లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ కోసం వేసిన చిత్రంలో హెర్క్యులిస్ కొమ్ములు పట్టి లొంగదీస్తున్న ఎద్దు మిస్సోరీ నదే. గ్రీకు పురాణ కథను తన ఊరి వరదలకు, పంటలకు ముడిపెట్టిన ఆ ధైర్యం నాకు ఎంతో నచ్చింది.

అయితే నా మనసును పట్టి నిలిపినది జేమ్స్ హాంప్టన్ సింహాసనం. దక్షిణ కరోలినాలో పుట్టి, వాషింగ్టన్‌లోని ప్రభుత్వ భవనాలలో రాత్రిపూట ఊడ్చే పని చేసిన ఈ నల్లజాతి కార్మికుడు, అద్దెకు తీసుకున్న గ్యారేజీలో ఏళ్ళ తరబడి ఒంటరిగా దీనిని నిర్మించాడు. దగ్గరగా చూస్తే పాత కుర్చీలు, అట్టలు, కాలిపోయిన బల్బులు, వాటిపై మడత మడతగా చుట్టిన వెండి, బంగారు రంగుల రేకు కాగితం కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవన్నీ కలిసి దేవుడి కొలువుగా మారిపోతాయి. సింహాసనం పైభాగాన ‘భయపడవద్దు’ అనే అర్థమిచ్చే మాటలు ఉన్నాయి. 1964లో ఆయన మరణించాకే ఇది లోకానికి తెలిసింది. కళాశాల గడప తొక్కని మనిషి చేతిపనికి కూడా ఇంత గౌరవమైన చోటు ఇచ్చినందుకే ఈ మ్యూజియాన్ని మెచ్చుకుంటున్నాను.

మూడో అంతస్తులో మూడు వేలకు పైగా వస్తువులను అద్దాల బీరువాలలో కిక్కిరిసినట్లు అమర్చారు. దానికి వేరుగా ఒక పూట కేటాయించుకోవాలి. చివరగా వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ నియాన్ దీపాలతో, 336 టీవీలతో 1995లో కట్టిన అమెరికా పటం ముందుకు వెళ్ళండి. ఒక్కో రాష్ట్రం సరిహద్దులో ఆ రాష్ట్రానికి తగిన దృశ్యాలు పరుగెడుతుంటాయి. ఐడహోలో బంగాళాదుంపలు కనిపిస్తాయి. వాషింగ్టన్ డీసీ ఉండవలసిన చోట ఒక చిన్న తెర ఉంది. వంగి చూస్తే, అక్కడి కెమెరాకు చిక్కి అందులో నేనే కనిపించాను.