పాత సీఎన్‌సీ లేత్: మన దేశంలో చేసిందా, జపాన్ నుంచి వచ్చిందా?

హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న షెడ్డు, చేతిలో ఆరేడు లక్షలు. కొనాల్సింది సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని తిప్పి చెక్కే మిషను. ఆ డబ్బుకు కనబడేవి రెండే దారులు. ఒకటి బెంగళూరు ఏస్, కోయంబత్తూరు ఎల్ఎండబ్ల్యూ లాంటి మన మిషను, మీద దాన్ని నడిపే ఫానుక్ కంపెనీ కంట్రోల్. రెండోది జపాన్‌లో వాడేసి పంపిన మజాక్.

బరువు, బెడ్డు (అడుగు దిమ్మ) గట్టితనం చూస్తే మజాక్ వైపే మనసు లాగుతుంది. లోతుగా కోత పెట్టినా వణకదు. కానీ అది 200 వోల్టుల మిషను. మన 415 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, ఆ ఖర్చు బేరంలో ఎవరూ చెప్పరు. పైగా దానికి ప్రోగ్రాం రాసే మజట్రాల్ పద్ధతి వేరు. మన కుర్రాళ్ల చేతివేళ్లకు అలవాటైంది ఫానుక్‌లో రాసే జీ-కోడ్ ఆదేశాలే. బోర్డు పోతే విడిభాగం కోసం ఎదురుచూపులే.

మన మిషనుకు మెకానిక్ ఫోన్ చేస్తే వస్తాడు. నేనైతే దాన్నే కొంటాను, అయితే కళ్లు మూసుకుని కాదు. టరెట్‌కు (కోసే పనిముట్లు పట్టే భాగం) డయల్ గేజ్ బిగించి, దాని మొనను చక్‌కు (రాడ్డును పట్టే భాగం) ఆనించి, హ్యాండిల్‌తో 0.01 మి.మీ. చొప్పున ముందుకీ వెనక్కీ తిప్పండి. తిప్పే దిశ మార్చాక హ్యాండిల్ రెండు మూడు గీతలు తిరిగినా గేజ్ ముల్లు కదలకుండా నిలిచిందా, టరెట్‌ను జరిపే బాల్ స్క్రూ అరిగినట్టే అనుకోండి. తర్వాత 100 మి.మీ. రాడ్డు తిప్పించి రెండు చివర్లా మైక్రోమీటర్ పెట్టి మందం ఒకటే ఉందో లేదో చూడండి. కొత్త రంగు చూసి మురిసిపోకండి. బ్యాటరీ అలారం ఉంటే మిషను ఆన్‌లో ఉండగానే మార్పించండి, లేదంటే పారామీటర్లు (మిషను సెట్టింగులు) ఎగిరిపోతాయి.