హెడ్‌ఫోన్ తీశాక మూగబోయే ల్యాప్‌టాప్, దానికి తగిలించిన చిన్న అడాప్టర్: రెండేళ్ళ వాడకం తరువాత

నా పని వినడం. ఇంటర్వ్యూలు, సమావేశాల రికార్డింగులు విని తెలుగులో టైపు చేసి ఇస్తాను. విజయవాడ సత్యనారాయణపురంలో వీధివైపు గదిలో కూర్చుని చేసే ఈ పని హెడ్‌ఫోన్లు లేకపోతే సాగదు. కూరగాయల బండి మైకు ఆగేసరికి పెళ్ళి బ్యాండు మొదలవుతుంది. ఫోను వస్తే పిన్ను పీకడం, మాట్లాడాక మళ్ళీ గుచ్చడం, రోజంతా ఇదే వరస. కొన్నాళ్ళకు ల్యాప్‌టాప్ మొరాయించింది. పిన్ను తీసినా స్పీకర్లు పలకవు. ఒక్కోసారి పలుకుతాయి గాని, చెవి ఆనించి వినాలి. మరోసారి ఇల్లంతా దద్దరిల్లేలా అరుస్తాయి. సాయంత్రం ప్రవచనం పెట్టుకోవడానికి అదే ల్యాప్‌టాప్ తీసుకునే మా అమ్మ, "దీని గొంతు పోయిందిరా, ఎవరికైనా చూపించు" అంది.

గవర్నర్‌పేటలో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్ళాను. కుర్రవాడు రెండు పాటలు వేసి చూసి, స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండా "మదర్‌బోర్డు మార్చాలండీ" అన్నాడు. అతను చెప్పిన మొత్తానికి ఇంకొంచెం కలిపితే పాత ల్యాప్‌టాప్ మరొకటి వస్తుంది. నమస్కారం పెట్టి వచ్చేశాను. చివరికి ఆ బోర్డు మార్చకుండానే, కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్‌తో గట్టెక్కాను. దాని మంచిచెడ్డలు చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ చాలామందికి ఆ అడాప్టర్ కూడా అక్కరలేదు, అందుకని ముందు జబ్బు సంగతి.

కంప్యూటర్లో వాల్యూమ్ ఒక్కచోట ఉండదు. మేడ మీది ట్యాంకు దగ్గర వాల్వు ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, వంటింట్లో కుళాయి ఒకటి ఉన్నట్టు, శబ్దం దారిలో కూడా నాలుగైదు చోట్ల తిప్పుడు ఉంటుంది. పాట వేసే ప్రోగ్రాముకు ఒకటి, విండోస్ వాల్యూమ్ మిక్సర్లో ఆ ప్రోగ్రాముకే విడిగా ఇంకొకటి, స్పీకరుకో హెడ్‌ఫోనుకో మొత్తంగా ఒకటి, హెడ్‌ఫోన్ తీగ మీద చిన్న చక్రం ఒకటి. ఏ ఒక్కటి మూసుకున్నా మిగిలినవి ఎంత తెరిచినా చుక్క రాదు.

పైగా విండోస్ ఒక్కో పరికరానికి ఒక్కో స్థాయి గుర్తుపెట్టుకుంటుంది. హెడ్‌ఫోన్లో 15 దగ్గర పెట్టి వింటారు, పిన్ను తీస్తారు, స్పీకర్లు ఎప్పుడో పెట్టిన 90కి వెళ్ళిపోతాయి. అర్ధరాత్రి ఇది జరిగితే పక్కవాటావాళ్ళు కూడా లేస్తారు. చాలామంది దీన్ని చెడిపోవడం అనుకుంటారు, నిజానికి అది విండోస్ పనిచేసే పద్ధతే. పిన్ను తీశాక ఒకసారి స్పీకర్ల స్థాయిని మనకు కావలసినచోట పెట్టి వదిలేస్తే, తరువాత అక్కడికే వస్తుంది. టాస్క్‌బార్‌లో స్పీకరు బొమ్మ నొక్కితే ఇప్పుడు శబ్దం ఏ పరికరానికి వెళ్తోందో కనిపిస్తుంది. విండోస్ 11లో వాల్యూమ్ పట్టీ పక్కనున్న గుర్తు నొక్కితే పరికరాల జాబితా తెరుచుకుంటుంది. రిపేరు దుకాణానికి బయలుదేరే ముందు ఇది చూసుకుంటే ఆటో ఖర్చు మిగులుతుంది.

ఇంకో తిప్పుడు ఉంది, అది మన చేతికి కనిపించదు. కాల్ మొదలైందని తోచగానే విండోస్ మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించేస్తుంది. ఎవరూ మార్చకపోతే అదే అమల్లో ఉంటుంది. కాల్ ముగిశాక కొన్ని ప్రోగ్రాములు లైను వదలవు, వెనకాల తెరుచుకునే ఉంటాయి. అప్పుడు పాటలు నూతిలోనుంచి వస్తున్నట్టే ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో 'డు నథింగ్' ఎంచుకుంటే ఈ పీడ విరగడవుతుంది. ఇన్ని కంప్యూటర్లలో మైకు ఉన్న ఈ రోజుల్లో దీన్ని ఎందుకు ఇలాగే ఉంచారో నాకు బోధపడదు.

నా ల్యాప్‌టాప్ మూగబోవడానికి మాత్రం ఇవేవీ కారణం కాలేదు. పిన్ను బయట ఉన్నా తెర మీద హెడ్‌ఫోన్ బొమ్మే ఉంది. అంటే పిన్ను లోపలే ఉందని అది గట్టిగా నమ్ముతోంది.

తెలిసినవాళ్ళు చెబితే వన్‌టౌన్‌లో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని జాక్ రంధ్రంలోకి చిన్న లైటు వేసి, "చూడండి" అని నా వైపు తిప్పాడు. మూడున్నర మిల్లీమీటర్ల ఆ రంధ్రం గోడలకు సన్నని ఇత్తడి రేకులు ఉన్నాయి. పిన్ను లోపలికి వెళ్ళినప్పుడు వాటిలో ఒక రేకు పక్కకు వంగి, అక్కడి చిన్న స్విచ్చు స్థితి మారుతుంది. సౌండ్ చిప్ చూసేది ఆ మార్పునే. పిన్ను బయటికి రాగానే రేకు తిరిగి తన చోటికి రావాలి. నా దాంట్లో రేకు మీద పచ్చటి చిలుము, దాని వెనక దూదిపింజంత బూడిదరంగు దుమ్ము ముద్ద. రేకు సగం దూరం వచ్చి ఆగిపోయింది. "కృష్ణ పక్కనే కదండీ, గాలిలో తడి. దానికి ఈ ఊరి దుమ్ము కలిసింది" అని నవ్వాడాయన.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన సన్నని దూది పుల్లతో, కంప్యూటరు పూర్తిగా ఆపి తుడిచాడు. కెమెరా లెన్సులు ఊదే రబ్బరు బల్బుతో దుమ్ము తీశాడు. నోటితో ఊదవద్దన్నాడు, ఉమ్మి తడి చిలుమును పెంచుతుందట. గుండుసూది, పిన్నీసు అసలే వద్దన్నాడు, రేకు విరిగితే ఇక జాకే మార్చాలి. మదర్‌బోర్డు మార్చాలన్న కుర్రవాడి ఊసెత్తితే తల అడ్డంగా ఊపాడు, అంతకుమించి ఏమీ అనలేదు. శబ్దం వచ్చింది. కానీ, "రేకు అలిసిపోయింది, ఇలా రోజంతా గుచ్చి పీకితే ఎక్కువ కాలం ఆగదు" అని కూడా చెప్పాడు. చిన్న అడాప్టర్ తెచ్చుకుని ఆ గుచ్చడం పీకడం దాని మీద పెట్టమన్న సలహా ఆయనదే.

ఇక అడాప్టర్. బొటనవేలంత డబ్బా, ఒక కొసన యూఎస్‌బీ, రెండో కొసన హెడ్‌ఫోనుకు ఒకటి, మైకుకు ఒకటి రంధ్రాలు. లోపల ఉన్నది ఒక చిన్న సౌండ్ కార్డే. పరికరాన్ని నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, విడిగా వేయనక్కరలేదు, గుచ్చిన కొద్ది క్షణాల్లో విండోస్ జాబితాలో కొత్త పరికరంగా కనిపిస్తుంది. దీని అసలు లాభం ఇక్కడే ఉంది. హెడ్‌ఫోను, స్పీకరు ఒకే జాక్ దయ మీద బతకడం పోయి, రెండూ వేర్వేరు పేర్లతో వేర్వేరు స్థాయిలతో ఉంటాయి. అడాప్టర్ పీకితే శబ్దం నేరుగా స్పీకర్లకు వెళ్తుంది. జాక్ రేకు వంగిందా లేదా అన్న గొడవే లేదు. ఈ రెండేళ్ళలో స్పీకర్లు మళ్ళీ మూగబోలేదు. అరిగేది కూడా ఇప్పుడు చవక వస్తువే.

చిరాకులు లేకపోలేదు. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచాక అప్పుడప్పుడు అడాప్టర్ జాబితాలోంచి మాయమవుతుంది, పీకి మళ్ళీ గుచ్చితే వస్తుంది. పవర్ సెట్టింగుల్లో, వాడని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే 'యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్' ఆపేశాక ఇది బాగా తగ్గింది. రెండోది చెవికి సంబంధించినది. ఒకే పోర్టులో గుచ్చినంత కాలం విండోస్ దాన్ని గుర్తుపడుతుంది. పక్క పోర్టులోకి మార్చితే మాత్రం కొత్త పరికరం అనుకుని పాత స్థాయి మరచిపోతుంది. సీరియల్ నంబరు లేని చవక అడాప్టర్లన్నిటిదీ ఇదే తంతు. ఒకసారి అలా మార్చగానే ఒక రాజకీయ నాయకుడి ఉపన్యాసం పూర్తి స్థాయిలో చెవుల్లో మోగింది. ఆ తరువాత నాకు అలవాటైన క్రమం: ముందు గుచ్చు, స్థాయి చూడు, తరువాతే తలకు పెట్టుకో. పెద్దలు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నా వంటివారికి వారం తిరక్కుండానే ఆ గంటలు అయిపోతాయి, కాబట్టి స్థాయి విషయంలో పిసినారితనమే మేలు. ఈ అడాప్టర్ బలం ఎక్కువ, మామూలు హెడ్‌ఫోనుకు 10 దగ్గరే సరిపోతుంది. అందువల్ల 6కూ 8కీ మధ్య తేడా కూడా పెద్దదిగా తెలుస్తుంది. ఆ సన్నని సర్దుబాటుకు నేను పాట వేసే ప్రోగ్రాములోని పట్టీనే సగానికి దించి ఉంచుతాను.

కొనేవారు ఒకటి గమనించాలి. ఫోనుకు వాడే మైకున్న ఇయర్‌ఫోన్ పిన్నుకు మూడు నల్లని గీతలు ఉంటాయి, అంటే నాలుగు భాగాలు, మైకు కూడా అందులోనే. రెండు రంధ్రాల అడాప్టర్‌లో దాన్ని గుచ్చితే పాట వినబడుతుంది గాని మైకు పలకదు. ఆ మైకు కావాలంటే ఒకే రంధ్రం ఉండి హెడ్‌సెట్ బొమ్మ ముద్రించినది తీసుకోవాలి. బీసెంట్ రోడ్డు తోపుడు బండ్ల మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి, బొమ్మ చూసే కొనండి.

గుంటూరు మిర్చి యార్డులో మా బావమరిది గుమస్తాగా చేసే కమిషన్ కొట్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో చూశాను. అక్కడిది డెస్క్‌టాప్, హెడ్‌ఫోన్ గుచ్చేది ముందు వైపు. సీజనులో ఆ గాలికి మనిషే తుమ్ములు ఆపుకోలేడు, జాక్ ఏం ఆగుతుంది? ఎర్రటి పొడి పేరుకుని, ఏమీ గుచ్చకపోయినా వెనక స్పీకర్లు కట్ అయ్యేవి. శుభ్రం చేసినా వారానికే మొదటికి వచ్చేది. ఆ కంప్యూటరు సౌండ్ చిప్‌తో వచ్చే రియల్‌టెక్ ఆడియో మేనేజర్ ప్రోగ్రాములో ముందువైపు జాక్ గుర్తింపును ఆపే ఏర్పాటు ఉంది, అది ఆపేశాం. ఇప్పుడు అక్కడ ఎవరూ హెడ్‌ఫోన్ వాడరు కాబట్టి నష్టం లేదు, సరుకు ధరల వీడియోలు స్పీకర్లోనే హాయిగా మోగుతున్నాయి. వాళ్ళకు అడాప్టర్ కొనిపించలేదు.

అన్నయ్య కొడుకు విండోస్‌కు బదులు ఉబుంటు అనే లినక్స్ వాడతాడు. "బాబాయ్, మా దాంట్లో ఇలాంటివి ఉండవు" అని గొప్పలు పోయాడు. తరువాత వాడి స్పీకర్లూ హెడ్‌ఫోన్ తీశాక మూగబోయాయి. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ కిటికీలో శబ్దం సర్దే ఆల్సామిక్సర్ తెరిస్తే, హెడ్‌ఫోన్ గుచ్చగానే స్పీకర్లను మూసే ఆటో మ్యూట్ మోడ్ అని ఒకటి ఉంది, దాన్ని ఆపితే మాట వచ్చింది. జాక్ రేకు అక్కడా అదే రేకు మరి.

బ్లూటూత్ వాడేవారి కథ వేరు, అడాప్టర్ వారికి దండగ. మైకు వాడకం మొదలవగానే చాలావరకు బ్లూటూత్ హెడ్‌ఫోను మంచి స్టీరియో వదిలేసి కాల్ పద్ధతికి మారుతుంది, శబ్దం పాత టెలిఫోనులా అయిపోతుంది. విండోస్ 10లో ఒకే హెడ్‌ఫోను స్టీరియో అని ఒకటి, హ్యాండ్స్ ఫ్రీ అని ఒకటి, రెండు పేర్లతో కనిపించేది ఇందుకే. సంగీతానికి స్టీరియో పేరునే ఎంచుకోవాలి, మైకు మాత్రం ల్యాప్‌టాప్‌దే వాడుకుంటే ఈ మార్పిడి జరగదు.

జాబితాలో పరికరం సరిగ్గానే ఉండి, స్థాయీ ఉండి, అయినా శబ్దం రాకపోతే ముందు పాట వేసే ప్రోగ్రామును మూసి తెరవండి. పీకేసిన పరికరానికే పాడుతూ కూర్చునే ప్రోగ్రాములు ఉన్నాయి, వీడియో కాల్ ప్రోగ్రాములైతే తమ పరికరాన్ని తామే విడిగా ఎంచుకుని పట్టుకుంటాయి. అప్పటికీ కాకపోతే, వెనకాల నడిచే పనుల జాబితా అయిన సర్వీసెస్ తెరిచి, అందులో విండోస్ ఆడియోను రీస్టార్ట్ చేయాలి. డ్రైవరు తీసి మళ్ళీ వేయడం అన్నిటికన్నా చివర. ఇంటర్నెట్‌లో అందరూ మొదట చెప్పే వైద్యం అదే. రేకుకు చిలుము పట్టినప్పుడు డ్రైవరు ఎన్నిసార్లు మార్చినా ఒరిగేది లేదు.

ఇప్పుడు నా అడాప్టర్ యూఎస్‌బీ కొస కొంచెం వదులైంది. నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చితే బయటికి పొడుచుకు వచ్చి మోచేయి తగులుతూ ఉండేది, ఆ వంపుకే వదులైంది. మధ్యలో జానెడు ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టాక ఆగింది. ఈసారి కొంటే డబ్బా రకం కాకుండా మెత్తని తీగకు రంధ్రం ఉన్నది, మైకు కూడా ఒకే రంధ్రంలో పనిచేసేది కొంటాను. ధరలో తేడా పెద్దగా లేదు.