పనోరమా: రేవులోనే కూర్చాలా, ఇంటికొచ్చి కత్తిరించాలా?

కృష్ణ ఒడ్డున ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నవారు ఈమధ్య నన్ను ఒకే ప్రశ్న పదేపదే అడుగుతున్నారు. పనోరమా, అంటే పట్టీలా పొడవుగా ఉండే చిత్రం, కావాలనుకున్నప్పుడు దాన్ని తీసే చోటే ఆ ఆకారంలో కూర్చుకోవాలా, లేక మామూలు ఫ్రేమ్‌లో తీసుకుని ఇంటికొచ్చాక పైనా కిందా కత్తిరిస్తే సరిపోతుందా అని వారి సందేహం. విజయవాడలో ఈ ప్రశ్న పుట్టడంలో వింతేమీ లేదు. ఇక్కడ దృశ్యమంతా అడ్డంగానే పరుచుకుని ఉంటుంది: 1,223 మీటర్ల పొడవున 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ, దాని ఎగువన నిండుగా నిలిచిన నీరు, అవతల ఉండవల్లి వైపు కొండలు. వీటిని వెడల్పు మూడు పాళ్లు, ఎత్తు రెండు పాళ్లు ఉండే మామూలు 3:2 ఫ్రేమ్‌లో పెడితే పైన సగం ఆకాశం, కింద నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు బ్యారేజీ మిగులుతాయి.

మా ఇంటి హాల్లో సోఫా పైన ఉన్న ఖాళీ గోడకు నాలుగడుగుల పొడవైన పటం ఒకటి కట్టించాలనుకుని, ఒకే దృశ్యాన్ని వారం తేడాతో రెండు పద్ధతుల్లోనూ తీశాను. అందువల్ల ఈ జవాబు కొంతవరకు ఆ గోడ చెప్పించిన జవాబు.

కత్తిరింపు వైపు వారి వాదనలో బలం ఉందని ముందే ఒప్పుకోవాలి. సాధారణమైన 24 మెగాపిక్సెళ్ల కెమెరా 6000×4000 చిత్రాన్ని ఇస్తుంది. దాన్ని పట్టీ చిత్రాలకు ఇప్పుడు ఎక్కువమంది వాడే 65:24 నిష్పత్తికి (వెడల్పు 65 పాళ్లు, ఎత్తు 24 పాళ్లు) కత్తిరిస్తే 6000×2215, అంటే 13 మెగాపిక్సెళ్లకు పైగానే చేతిలో ఉంటుంది. నాలుగడుగుల ప్రింటుకు అది అంగుళానికి 125 పిక్సెళ్ల చొప్పున సరిపోతుంది. సోఫాకు ఎదురుగా నిలబడి నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసేవారికి అందులో లోటు కనిపించదు. కత్తిరిస్తే నాణ్యత పోతుందన్న భయం పాత 6 మెగాపిక్సెళ్ల రోజుల్లో సరైనదే కానీ, ఇప్పుడు ఒక్క గోడ పటం కోసం దాన్ని పట్టుకుని వేలాడనక్కరలేదు.

వారి రెండో వాదన ఇంకా గట్టిది. కెమెరాను పైకీ కిందికీ వంచకుండా, క్షితిజరేఖ సరిగ్గా మధ్యన వచ్చేట్టు సమంగా పట్టుకుని తీస్తే దీపస్తంభాలు, ఫ్లైఓవర్ పిల్లర్లు, గుడి గోపురం నిటారుగా నిలుస్తాయి. ఆకాశం ఎక్కువ కావాలనుకుంటే పైపట్టీని, నీళ్లు ఎక్కువ కావాలనుకుంటే కింది పట్టీని తర్వాత తీరికగా ఎంచుకోవచ్చు. 4000 పిక్సెళ్ల ఎత్తులో 2215 మాత్రమే వాడుకుంటున్నాం కనుక మిగిలిన 1785 పిక్సెళ్ల మేర పట్టీని పైకో కిందికో జరుపుకునే వీలుంటుంది. కెమెరాను వంచకుండానే దృశ్యాన్ని పైకో కిందికో జరిపే ఖరీదైన షిఫ్ట్ లెన్స్ చేసే పనినే ఇది కొంతమేర ఉచితంగా చేసి పెడుతుంది. ఫ్రేమే పట్టీ ఆకారంలో ఉన్న కెమెరాకు మామూలు లెన్స్‌తో ఈ వెసులుబాటు లేదు. క్షితిజరేఖను పైకో కిందికో తేవాలంటే కెమెరాను వంచాల్సిందే, వంచితే స్తంభాలు వాలాల్సిందే.

ఇంతవరకు చూస్తే కత్తిరింపే గెలిచినట్టు కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ తగవు పిక్సెళ్ల దగ్గర తేలేది కాదు, మన కాళ్లు ఎక్కడున్నాయి, కన్ను ఎంత ఎత్తున ఉంది అన్న దగ్గర తేలేది.

మొదటి వారం సీతానగరం వైపు, బ్యారేజీకి ఎగువన రేవు పైమెట్టు మీద నిలబడి తెల్లవారుజామున తీశాను. ఎడమ వైపు కనకదుర్గ గుడి ఉన్న ఇంద్రకీలాద్రి కొండ, కుడి వైపు నుంచి దానివైపు సాగిపోతున్న బ్యారేజీ, ముందు ఇరవై మీటర్ల దూరంలో ఒక నాటుపడవ, అందులో నిలబడి వల సర్దుకుంటున్న మనిషి. 3:2 ఫ్రేమ్‌లో అది ముచ్చటగా కుదిరింది, పైన మేఘాలు కూడా రంగు తిరిగి ఉన్నాయి. ఇంటికొచ్చి 65:24 పట్టీని దాని మీద పెట్టి పైకీ కిందికీ జరిపి చూస్తే ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి తెగుతోంది. కొండ పైన కాస్త గాలాడేంత ఆకాశం వదిలితే పడవ నీడ సగానికి తెగిపోతుంది, నీడ దక్కించుకుంటే గుడి పైన ఆకాశం ఉండదు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఆ మనిషి తలనుంచి కాలిదాకా నీళ్ల మధ్యనే ఉండిపోయాడు. వెనకనున్న బ్యారేజీకీ అతనికీ ఏ సంబంధమూ కుదరలేదు. కత్తిరించిన పట్టీలో అతను ఎవరో అతికించిన బొమ్మలా కనిపించాడు.

దీని లెక్క తేలికే. పైమెట్టు మీద నా కన్ను నీటి మట్టానికి సుమారు 4 మీటర్ల ఎత్తున ఉంది. 35 మిల్లీమీటర్ల లెన్స్‌తో, ఇరవై మీటర్ల దూరాన ఉన్న పడవ అడుగు సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద క్షితిజరేఖకు 7 మిల్లీమీటర్ల దిగువన పడుతుంది. 36×24 మిల్లీమీటర్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద 65:24 పట్టీ మొత్తం ఎత్తే 13 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో 7 పడవకే పోతే, దాని కింద నీడకూ పైన కొండకూ మిగిలేది ఏపాటి? అదే పన్నెండు మెట్లు దిగి చివరి మెట్టు మీద గొంతుక్కూర్చుంటే కన్ను ఎత్తు మీటరున్నరకు తగ్గుతుంది. అప్పుడు పడవ అడుగు క్షితిజరేఖకు రెండున్నర మిల్లీమీటర్ల దిగువనే ఉంటుంది. పడవలో నిలబడ్డ మనిషి తలా భుజాలూ క్షితిజరేఖను దాటి పైకి లేస్తాయి, అంటే బ్యారేజీ గీత మీదికీ కొండ మీదికీ వస్తాయి. ముందున్న నీళ్ల విస్తీర్ణం ముడుచుకుపోయి, అన్నీ పట్టీలో ఒకదానికొకటి దగ్గరవుతాయి.

రెండో వారం చేసింది అదే. తీరా కూర్చున్నాక అతని తల సరిగ్గా గేట్ల వరుసలో కలిసిపోతోందని కనిపించి, అదే మెట్టు మీద నాలుగడుగులు కుడికి జరిగాను. తల గేట్లను వదిలి ఎడమవైపు కొండ నీడ ముందుకు వచ్చింది. ఈ రెండు కదలికలూ, అంటే మెట్లు దిగడమూ పక్కకు జరగడమూ, పట్టీ ఆకారం కళ్లముందు ఉన్నందువల్లే తట్టాయి. మొదటి వారం 3:2 ఫ్రేమ్ నాకు పైమెట్టు బాగుందని చెప్పింది, దాని మట్టుకు అది నిజమే చెప్పింది. ఆ చిత్రంలోంచి ఎంత నేర్పుగా కత్తిరించినా పన్నెండు మెట్లు దిగలేం కదా.

గుంటూరు పరిసరాల్లో మిర్చి కల్లాలు తీసేవారికి ఇదే లెక్క తలకిందులుగా పనిచేస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆరబోసిన ఎర్రటి కాయలు చూడగానే పనోరమా గుర్తుకు వస్తుంది. కల్లం అంచున నిలబడి తీసి కత్తిరిస్తే దూరపు రాశులన్నీ ఒకదాని వెనక ఒకటి దాగి, పట్టీలో ఎర్రటి చార ఒకటి, దాని మీద కాయలు ఏరుతున్న ఆడవాళ్ల వీపులు మాత్రం మిగులుతాయి. పక్కనే ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కు ఎక్కి నిలబడితే రాశుల మధ్య బాటలు విడిపడి కనిపిస్తాయి, మనుషులు ఒకరి మీద ఒకరు పడకుండా ఎడంగా తేలుతారు, గట్టున కుట్టి పేర్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) కుడి చివరకు బరువుగా నిలుస్తాయి. రేవులో దిగాలి, కల్లంలో ఎక్కాలి. ఏది చేయాలో పట్టీ ఆకారాన్ని అక్కడే చూసినవారికి తెలిసినంత సులువుగా మరొకరికి తెలియదు.

తర్వాత కత్తిరించిన పనోరమాల్లో నాకు తరచుగా కనిపించే లోపం ఖాళీ చివరలు. మామూలు ఫ్రేమ్ చూస్తూ కూర్చేటప్పుడు కన్ను అసలు విషయాన్ని మధ్య ప్రాంతంలో పెట్టుకుని, ఇరుపక్కలను ఊరికే వదిలేస్తుంది. పైనా కిందా తీసేసినప్పుడు ఆ పక్కలే చిత్రంలో పెద్ద భాగమైపోతాయి. ఒక చిన్న పరీక్ష ఉంది: ప్రింటులో ఎడమ మూడో వంతును అరచేత్తో మూయండి, తర్వాత కుడి మూడో వంతును మూయండి. మూసినప్పుడు చిత్రానికి ఏ నష్టమూ జరగకపోతే అది పనోరమా కాదు, నుదురూ గడ్డమూ కోల్పోయిన మామూలు ఫొటో.

అయితే అక్కడే కూర్చడానికి ప్రత్యేకమైన కెమెరా కొనాలని నేను అనడం లేదు. ఫిల్మ్ కాలంలో దానికి నిజమైన సాధనం 1998లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌పాన్. ఫుజీతో కలిసి తయారుచేసిన ఆ కెమెరా 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీదే 24×65 మిల్లీమీటర్ల పొడవాటి ఫ్రేమ్‌ను తీసేది, వ్యూఫైండర్‌లోనూ ఆ పట్టీయే కనిపించేది. ఇప్పటి 65:24 మోజుకు మూలం అదే. దానికి కొన్నేళ్ల ముందు నుంచే చిన్న కెమెరాల మీద ‘పనోరమా’ అని ఒక మీట ఉండేది, పెళ్లిళ్లలో దాన్ని గర్వంగా నొక్కినవారు ఇది చదువుతున్నవారిలో కూడా ఉండవచ్చు. ఆ మీట చేసేదల్లా ఫిల్మ్ ముందు పైనా కిందా రెండు నల్ల రేకులను దించడమే. కెమెరాలోనే తీసినా అది కత్తిరింపే, అందులోనూ తిరిగి రాని కత్తిరింపు. కనుక కెమెరాలో చేశామా కంప్యూటర్‌లో చేశామా అన్న దాని వల్లనే ఒరిగేదేమీ లేదు. నిర్ణయం ఏ క్షణాన, ఎక్కడ నిలబడి చేశామన్నదే లెక్క.

ఇప్పటి కెమెరాల్లో ఫుజీ జీఎఫ్‌ఎక్స్, పానాసోనిక్ ఎస్1ఆర్ వంటి వాటిలో 65:24 నిష్పత్తి సెట్టింగ్‌లోనే ఉంది. అది లేనివారికి నేను చేసిన ఏర్పాటు చాలు. కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపును సన్నగా కోసి కెమెరా వెనక తెర మీద పైనా కిందా అంటించాను. మూడంగుళాల 3:2 తెర ఎత్తు సుమారు 42 మిల్లీమీటర్లు. పైన తొమ్మిదిన్నర, కింద తొమ్మిదిన్నర మూసేస్తే మధ్యలో మిగిలేది 65:24కు సరిపోతుంది. టేపు తెరకే కానీ సెన్సర్‌కు కాదు కనుక ఫైలులో పూర్తి చిత్రం అలాగే ఉంటుంది. టేపు జిగురు ఎండకు కరిగి తెరకు అంటుకుంటుంది, అందుకని ముందుగా తెరకు ప్లాస్టిక్ పొర వేయించుకోవడం మంచిది. పొద్దెక్కాక వెలుతురులో తెర సరిగా కనిపించదు, అప్పుడు చేతి రుమాలు నీడ పట్టుకోక తప్పదు.

ఈ పద్ధతిలో కత్తిరింపు పూర్తిగా పోలేదని గమనించాలి. కూర్పు రేవులోనే అయిపోయింది, కెమెరాను సమంగానే పట్టుకున్నాను, ఇంటికొచ్చాక పట్టీని నూటయాభై పిక్సెళ్లు పైకి జరిపి కొండ మీద ఆకాశానికి చోటిచ్చాను. కత్తిరింపుకు అంతమాత్రం పని అప్పగించడమే నాకు సరైనదనిపిస్తుంది.

నిలువుగా నాలుగైదు ఫొటోలు తీసి కలిపే పద్ధతి గురించి కూడా అడుగుతారు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో ఒక్కోదానిలో మూడో వంతు పక్క ఫొటోలోనూ వచ్చేట్టు అతివ్యాప్తి ఉంచి ఐదు తీస్తే వెడల్పు 14 వేల పిక్సెళ్లు దాటుతుంది, కనుక కల్యాణ మండపం గోడంత ప్రింటు కావలసినవారికి అదే దారి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడింటినీ మాన్యువల్‌లో కదలకుండా ఉంచాలి. కానీ ఇక్కడ చిత్రం మొత్తం ఒకసారి కంటికి కనిపించనే కనిపించదు; ఒక ఫొటోకూ మరో ఫొటోకూ మధ్య పడవ జరిగిపోతుంది, నీటి మీద తరంగాలు అతుకు దగ్గర కలవవు. బ్యారేజీకి దగ్గరగా నిలబడి ఆ చివరనుంచి ఈ చివరదాకా ఇలా కలిపితే, సాఫ్ట్‌వేర్ సిలిండర్ ఆకారంలో పరిచినప్పుడు తిన్నని బ్యారేజీ విల్లులా వంగుతుంది. రోజూ దాని మీద బండి నడిపే ఊరివారికి అది చూడగానే తెలిసిపోతుంది.

ఫోన్‌ను పక్కకు తిప్పుతూ తీసే పనోరమా జ్ఞాపకానికి చాలు, గోడకు చాలదు.

కత్తిరింపునే నమ్ముకోవలసిన సందర్భం ఒకటి నాకు తెలుసు. దసరాకు కృష్ణలో హంస వాహనం మీద తెప్పోత్సవం జరిగేటప్పుడు ఒడ్డున జనంలో ఒకసారి ఇరుక్కుంటే దిగడానికి మెట్టూ ఉండదు, జరగడానికి జాగా ఉండదు. చేతులు పైకెత్తి గుడ్డిగా తీయడమే. కాళ్లు కదలనప్పుడు నేను ఇంతసేపు చెప్పిన లెక్కకు అక్కడ పనిలేదు. ఆ రాత్రికి టేపు పీకేసి, ఫ్రేమ్ మొత్తం వాడుకుని, ఇంటికొచ్చాకే పట్టీ వెతుక్కుంటాను.