మంచం అద్దె తగ్గింది, ఆయాల ఖర్చు పెరిగింది: 26 నెలల లెక్క

నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గర పది పడకల చిన్న ఆసుపత్రి అనుకుంటాం. నేను రాస్తున్నది దాని గురించి కాదు. మంచం పట్టిన పెద్దవాళ్లను నెలల తరబడి ఉంచుకుని చూసే కేంద్రం గురించి, హైదరాబాద్ శివార్లలో మా అమ్మ 26 నెలలుగా ఉంటున్నదాని గురించి. గదులు, భోజనం, డాక్టరు రౌండ్లు వాళ్ల కరపత్రంలోనే ఉంటాయి, వదిలేస్తున్నాను. చెప్పాల్సింది బిల్లులో ఒకే ఒక్క వరుస గురించి: అటెండెంట్ ఛార్జీ, అంటే రోగిని చూసుకునే ఆయా ఖర్చు. మొదటి ఏడాది ఆ వరుసను సరిగా చదవకపోవడం వల్ల అమ్మకు నడుము కింద పుండు పడింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

చేర్పించినప్పుడు ముగ్గురి గదిలో మంచానికి నెలకు 24,000, అటెండెంట్‌కు 9,000. ఇప్పుడు మంచానికి 22,500, అటెండెంట్‌కు 14,000. డైపర్లు, మందులు రెండు సందర్భాల్లోనూ వేరే. ఒకే బిల్లులో ఒకటి తగ్గి ఇంకొకటి అంత పెరగడానికి కారణం ఒక్కటే. ఆ చుట్టుపక్కల కొత్తగా రెండు కేంద్రాలు తెరిచారు. పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని, ఫౌలర్ మంచాలు (తల వైపు, కాళ్ల వైపు పైకి లేపగలిగేవి) వేసుకుంటే నెల రోజుల్లో పడకలు తయారవుతాయి. ఇంటి అద్దె ఎలాగూ కట్టాలి కాబట్టి ఖాళీ మంచం వాళ్లకు నష్టం. అందుకే బేరానికి దిగుతారు. కానీ రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) ఫీడ్ ఇవ్వడం, ఒంటరిగా పక్క మార్చడం, చర్మం ఎర్రబడితే గుర్తుపట్టడం వచ్చిన ఆయా నెలలో తయారవదు. పని చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. వచ్చాక ఆమెను హోమ్ కేర్ ఏజెన్సీలు, పెద్ద ఆసుపత్రులు, పక్క వీధిలోని కొత్త కేంద్రం అందరూ పిలుస్తారు. అంటే కొత్త కేంద్రం తెరిచిన ప్రతిసారీ మంచం ధర తగ్గుతుంది, ఆయా ధర పెరుగుతుంది.

ఈ ఖర్చుకు ఇన్సూరెన్స్ దారి లేదు. మామూలు ఆరోగ్య పాలసీలు ఆసుపత్రి చికిత్సకే డబ్బిస్తాయి, ఇలాంటి నెలవారీ సంరక్షణకు ఇవ్వవు. 70 దాటినవాళ్లందరికీ 2024 అక్టోబరు నుంచి వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ 5 లక్షలు కూడా ఆసుపత్రిలో చేరితేనే. ఈ సేవలను పెద్దమొత్తంలో కొని ధర అదుపు చేసే సంస్థ ఏదీ మధ్యలో లేదు. ప్రతి కుటుంబం విడివిడిగా బేరమాడాల్సిందే.

ఇక మొదటి సంక్రాంతి. ఆయాల్లో ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి, భద్రాచలం మన్యం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. భోగికి మూడు రోజుల ముందే ఊళ్లకు బయల్దేరారు. సరిగ్గా అదే సమయంలో, క్రిస్మస్ సెలవులకు అమెరికా నుంచి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్తూ తల్లిదండ్రులను చేర్పించారు. 25 మంది ఉండే చోట 28 మందయ్యారు. రాత్రి డ్యూటీకి నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరే మిగిలారు.

బిల్లులో మాత్రం రూపాయి పెరగలేదు. అప్పుడు అది మంచి విషయంగానే అనిపించింది. ధర పెరగకపోతే కొరత ఎక్కడికీ పోదు, రోగి ఒంటి మీదకు వస్తుంది. లెక్క చూడండి. ఒకే చోట ఒత్తిడి పడి పుండు పడకుండా మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. డైపర్ చూసి, తడి తుడిచి, వీపు వెనక దిండు సర్దేసరికి ఒక్కరికి 8 నిమిషాలు. ఒక ఆయాకు ఏడుగురుంటే 56 నిమిషాలు, మిగతా గంటలో ఫీడ్‌లు, యూరిన్ బ్యాగులు, పిలిచినవాళ్ల దగ్గరికి వెళ్లడం అవుతాయి. 14 మంది అయితే 112 నిమిషాలు. మిగిలేది 8 నిమిషాలు. బరువైన మనిషిని తిప్పడానికి ఇంకో చెయ్యి కావాలంటే ఆ రెండో ఆయా కూడా తన 14 మంది దగ్గరే ఉంటుంది. కాబట్టి రెండు గంటలు నాలుగయ్యాయి, కొన్ని రాత్రుల్లో ఆరయ్యాయి.

అమ్మకు త్రికాస్థి (వెన్ను చివర, పిరుదుల పైన ఉండే ఎముక) మీద ఎరుపు వచ్చింది. వేలితో నొక్కి వదిలితే ఒక క్షణం తెల్లబడి మళ్లీ రంగు రావాలి. తెల్లబడకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. కనుమ నాటికి తెల్లబడలేదు, మరో నాలుగు రోజులకు పై చర్మం లేచిపోయింది. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్, ఒక్కోదానికి 400, తొమ్మిది వారాలు. దగ్గర దగ్గర 12,500. ఎయిర్ బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) ఉంది కదా అనే ధీమా ఎవరికైనా ఉంటే వదులుకోండి. అది పక్క మార్చడానికి బదులు కాదు. పైగా పంపు ఒత్తిడి బరువుకు తగ్గట్టు పెట్టకపోతే తుంటి కింద పరుపు అణిగిపోతుంది. పరుపు అడుగున చెయ్యి పెట్టి చూస్తే కనీసం అంగుళం మందం గాలి తగలాలి.

రెండో సంక్రాంతికి కేంద్రం పద్ధతి మార్చింది. సగం మందిని భోగికి ముందు, సగం మందిని కనుమ తర్వాత పంపింది. పండుగ రోజుల్లో ఆగినవాళ్లకు రెట్టింపు కూలి ఇచ్చింది. ఆ నెల ప్రతి కుటుంబం దగ్గర 1,800 అదనంగా తీసుకుంది. చాలామంది గొడవ పడ్డారు. నాకు మాత్రం ఈ 26 నెలల్లో మనస్ఫూర్తిగా కట్టిన డబ్బు అదే. రాత్రి నలుగురూ ఉన్నారు, ఎక్కడా ఎరుపు రాలేదు.

చేరిన కొత్తలో మంచం దగ్గర వేలాడదీసే టర్నింగ్ చార్టును (పక్క మార్చిన ప్రతిసారీ వేళ రాసి సంతకం పెట్టే కాగితం) అందరికీ గొప్పగా చెప్పాను. అది ఉండటం ఇప్పటికీ మంచిదే. కానీ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉంటే అవి ఉదయం కూర్చుని ఒకేసారి పెట్టినవి. చార్టు కన్నా ఉదయం ఐదింటికి వెళ్లి వీపు చూడటం నమ్మదగినది.

బేరం ఎక్కడ ఆడాలో కూడా దీన్ని బట్టే. మంచం అద్దె మీద, డిపాజిట్ మీద గట్టిగా అడగండి, ఖాళీలు ఉంటే దిగుతారు. డైపర్లు మీరే తెస్తామని ఒప్పందంలో రాయించుకోండి. రోజుకు 5 చొప్పున నెలకు 150, పది ఉండే ప్యాకెట్లు 15. ఎంఆర్‌పీ ధరకు బిల్లు వేస్తే అక్కడే చాలా పోతుంది, బయట హోల్‌సేల్‌లో గణనీయంగా తక్కువ. అటెండెంట్ వరుస మీద మాత్రం బేరం వద్దు. అక్కడ తగ్గించిన వెయ్యి రూపాయలకు ఇంకో ఇద్దరు రోగులను ఆ ఆయాకే అప్పజెప్తారు. అడగాల్సింది నిష్పత్తి: రాత్రి 2 గంటలకు డ్యూటీలో ఎందరు, ఒక్కొక్కరికి ఎందరు. జనవరి 10 నుంచి 20 వరకు రోస్టర్ (ఎవరికి ఏ డ్యూటీయో రాసిన పట్టిక) డిసెంబరులోనే చూపించమనండి. చూపించలేకపోతే పక్క మంచం వాళ్లతో కలిసి ఆ పది రోజులకు ఇద్దరికీ ఒక ప్రత్యేక ఆయాను ముందే మాట్లాడుకోండి. పండుగ వారంలో వెతికితే ఏ ధరకూ దొరకరు. వరినాట్ల రోజుల్లో, ఎన్నికల వారంలో కూడా కొంత ఇదే ఇబ్బంది, కానీ సంక్రాంతి అంత కాదు.

సిఫారసు చేస్తానా అంటే, నేను ఇరవై నిమిషాల దూరంలో ఉంటాను, వారానికి మూడుసార్లు వేళగాని వేళ వెళ్లగలను, కాబట్టి ఇక్కడే కొనసాగిస్తున్నాను. లేచి నడవగలిగి, మతిమరుపు మాత్రమే ఉన్నవాళ్లకు ఈ లెక్కలు కొంత మారతాయి. వాళ్లకు పుండ్ల కన్నా పడిపోవడం భయం. విదేశాల్లో ఉంటూ ఫోన్‌లోనే చూసుకోవాల్సినవాళ్లు, ఉదయం ఐదింటికి వెళ్లి వీపు చూసే మనిషి ఊళ్లో ఒకరు దొరికాకే చేర్పించండి. జనవరి మొదటి రెండు వారాల్లో మాత్రం చేర్పించకండి.